పాత ఎస్టీమ్‌కి సింథటిక్ ఇంజన్ ఆయిల్ పోయొచ్చా? కొట్లో ఒకటి, షెడ్డులో ఒకటి చెప్తా ఉండారు

విడవలూరు రొయ్య:

అన్నలకి నమస్కారం. మా మామ బండి 2003 మారుతీ ఎస్టీమ్ కారు, పెట్రోలు, ఏపీ 26 నంబరు. కంటి ఆపరేషన్ అయినాక ఆయన స్టీరింగు ముట్టుకోవడం మానేసినాడు, బండి నా నెత్తిన పడింది. నెత్తిన అంటున్నా గానీ నాకు ఇష్టమే, అమ్మే ఉద్దేశం లేదు. మీటరు లక్షా అరవై వేలు చూపిస్తా ఉండాది. మధ్యలో కొన్నాళ్ళు మీటరు పని చెయ్యలేదని మామే చెప్పినాడు, అందుకని ఆ లెక్క మీద ఇంకొంచెం కలుపుకోండి.

నా తిరుగుడు ఎట్టంటే, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి ఇంటి కాడ నుంచి రొయ్యల గుంటలకి. నాలుగైదు కిలోమీటర్లు, అందులో సగం గుంట కట్ట మీద రెండో గేరులోనే. ఏరేటర్లు తిరుగుతున్నాయా లేదా చూసుకోని, చెక్ ట్రే ఎత్తి మేత తింటున్నాయా లేదా చూసుకోని మళ్ళీ ఇంటికి. అప్పుడప్పుడు మేత బస్తాల కోసం కోవూరు, పనుంటే నెల్లూరు, మొక్కుంటే తిరుపతి.

ఇప్పుడు బండికున్న రోగాలు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సరులో నీలం పొగ ఒక గుప్పు వచ్చి, కాసేపటికి పోతాది. పోర్టికోలో సిమెంటు మీద చుక్కలు పడతా ఉండాయి, యాడ నుంచి కారతా ఉండాదో తెలీదు. ఒకసారి ఆయిల్ మార్పించినాక మళ్ళీ మార్చే లోపల అర లీటరు పైనే పోసుకోవాల. మామ మొదటి నుంచీ 20డబ్ల్యూ-50 మామూలు ఆయిలే, ఐదు వేల కిలోమీటర్లకి ఒకసారి.

పోయిన వారం నెల్లూరులో ఆయిల్ కొట్టుకి పోతే ఆయన ఫుల్ సింథటిక్ 5డబ్ల్యూ-30 చేతిలో పెట్టి, పదివేలు తిరిగేదాకా బానెట్ ఎత్తబళ్ళేదు, మైలేజీ కూడా పెరుగుద్ది అన్నాడు. డబ్బా తీసుకోని షెడ్డుకి పోతే అక్కడ మెకానిక్ దాన్ని చూసి, ఈ నీళ్ళు పోస్తే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీళ్ళన్నీ కారిపోయి ఇంజను దించాల్సి వస్తాది, ఎవురు చెప్పినారు నీకు అని నా మీద ఎగిరినాడు. ఇంటికొచ్చి మామకి చెప్తే ఆయనది ఇంకో మాట. ఇరవై ఏళ్ళు రాగి గంజి తాగినోడికి ముసలితనంలో ఆపిల్ జ్యూసు పోస్తావంట్రా అని.

డబ్బా ఇంకా సీలు తియ్యలేదు. పొయ్యాలా, తిరిగి ఇచ్చెయ్యాలా?

కావలి కుర్రోడు:

పోసెయ్ బ్రో. నా స్విఫ్ట్‌లో ఫుల్ సింథటిక్కే. ఇంజను సౌండే ఉండదు.

వేదాయపాళెం షెడ్డు:

కావలి అబ్బాయ్, నీ స్విఫ్ట్ వేరు, ఈ బండి వేరు. ఆయన చుక్కలు పడతా ఉండాయి, పొగ వస్తా ఉండాది అంటే నువ్వు సౌండు గురించి చెప్తావేంది.

రొయ్యల అబ్బయ్యా, నేను మారుతీ బండ్ల మీదే బతికినోణ్ణి. నీ ఎస్టీమ్‌లో ఉండేది 1298 సీసీ, పదహారు వాల్వుల ఇంజను. జిప్సీ కింగ్‌లో కూడా ఇదే. మిలిటరీ వాళ్ళు కొండల్లో తొక్కి తొక్కి వాడిన ఇంజను, అంత సులువుగా చచ్చేది కాదు. కింద బ్లాకు, దాని మీద కూర్చునే హెడ్డు, రెండూ అల్యూమినియం గాబట్టి ఒక్క వేడెక్కనిచ్చే పని మాత్రం పెట్టుకోబాకు.

నువ్వు సింథటిక్కా మామూలా అని అడుగుతా ఉండావు. నన్నడిగితే ఆ ప్రశ్న తర్వాత. డబ్బా మీద వెనకాల ఉండే అంకె చూడు ముందు. 20డబ్ల్యూ-50 లో యాభై, 5డబ్ల్యూ-30 లో ముప్ఫై. ఇంజను బాగా కాగినాక ఆయిల్ ఎంత చిక్కన ఉంటాదో చెప్పేది ఆ అంకె. ఇరవై ఏళ్ళు యాభై మీద నడిచి, బేరింగుల్లో సందు పెరిగిన ఇంజనుకి ఒక్కసారిగా ముప్ఫై పోస్తే, మే నెలలో ఏసీ వేసుకోని మినీ బైపాస్‌లో సిగ్నల్ కాడ నిలబడినప్పుడు ఆయిల్ లైటు మినుకు మినుకు అంటాది. కారే చోట ఇంకా కారుతాది, తాగే ఆయిల్ ఇంకా తాగుతాది. మీ మెకానిక్ చెప్పింది అదే, కాకపోతే ఆయన తప్పంతా సింథటిక్ మీద వేసినాడు. తప్పు పల్చదనానిది.

ఆ డబ్బా తిరిగి ఇచ్చెయ్. తీసుకోనంటే కావలి అబ్బాయికి అమ్ము, ఆయన బండికి సరిపోతాది.

ఇంక చుక్కల సంగతి. ఆయిల్ మార్చే ముందు అది తేల్చుకో. ఇంజను మీద ఉండే జిడ్డంతా డీజిలు, బ్రష్షు పెట్టి కడిగించి, ఆరినాక రెండు రోజులు తిప్పు. రాత్రి కింద అట్టముక్క పరిచి పెట్టు. ముందు వైపు, బెల్టుల కింద పడితే క్రాంక్ ముందు సీలు. ఇంజనుకీ గేరు బాక్సుకీ మధ్యలో పడితే వెనక సీలు, దానికి గేరు బాక్సు దించాల, క్లచ్ ప్లేటు కూడా అరిగి ఉంటే రెండూ ఒకే కూలీలో చేయించుకో. పైనుంచి కారి బ్లాకు పక్కన తడిగా ఉంటే ట్యాపెట్ కవర్, అంటే హెడ్డు మీది మూత, దాని ప్యాకింగు. పాత మారుతీల్లో నేను చూసినంతలో ఎక్కువ భాగం ఇదే, గంట పని. జనం దీన్ని చూసుకోకుండా వెనక సీలు పోయిందని గేరు బాక్సు దించిస్తారు, ఎందుకంటే పై నుంచి కారింది కూడా ఆఖరికి అక్కడికే చేరుతాది.

పొద్దున పూట పొగ వాల్వు సీళ్ళది. రాత్రంతా హెడ్డులో నిలిచిన ఆయిల్ గట్టిపడిన సీళ్ళ పక్క నుంచి దిగుతాది, స్టార్ట్ చెయ్యగానే కాలుతాది. హైవే మీద యాక్సిలేటర్ తొక్కినప్పుడు కూడా వెనకాల నీలం పొగ కనిపిస్తే అప్పుడు పిస్టన్ రింగులు అరిగినాయనుకో. అది లేదు గదా?

గూడూరు టు మనలి:

చెన్నైలో లూబ్రికెంట్ల వైపు పనిచేస్తాను, ఇల్లు గూడూరు. షెడ్డు పెద్దాయన చెప్పిన గ్రేడు సంగతితో పూర్తిగా ఏకీభవిస్తా. నా వైపు నుంచి కొంచెం.

ముప్ఫై, నలభై, యాభై అనేవి ఊరికే పెట్టిన పేర్లు కావు. 100 డిగ్రీల దగ్గర కొలిస్తే ముప్ఫై గ్రేడు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల (చిక్కదనం కొలిచే లెక్క) లోపు ఉండాలి, నలభై 12.5 నుంచి 16.3 లోపు, యాభై 16.3 నుంచి 21.9 లోపు. కొట్టాయన మిమ్మల్ని ఒకేసారి రెండు మెట్లు కిందకి దింపబోయాడు.

డబ్ల్యూ ముందు అంకె చలికాలానిది. 20డబ్ల్యూ అంటే మైనస్ 15 డిగ్రీల్లో స్టార్టరు తిప్పగలిగేలా ఉండాలని పరీక్ష, 5డబ్ల్యూ అంటే మైనస్ 30 లో. మన సంక్రాంతి మంచుకి ఇరవై డిగ్రీలు పడితేనే మంకీ క్యాపులు పెట్టుకుంటాం. ఆ అంకె కోసం నెల్లూరులో ఎక్కువ డబ్బులు పెట్టక్కర్లేదు. పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పల్చటి ఆయిల్ పైదాకా త్వరగా ఎక్కుతుంది, అది నిజమే. కానీ ఆ లాభం 10డబ్ల్యూ లోనూ చాలావరకు వచ్చేస్తుంది.

సీళ్ళ భయం ఎక్కడిదంటే, 1970లలో కార్లకి వచ్చిన మొదటితరం సింథటిక్ ఆయిళ్ళలో పీఏఓ అనే, రసాయనాలతో తయారుచేసిన మూల నూనె ఎక్కువ. దానికి రబ్బరు సీళ్ళని కుదించే గుణం ఉంది. మామూలు ఆయిల్లో ఉబ్బి కూర్చున్న సీలు దాంట్లో కొంచెం ముడుచుకునేది. తర్వాత కంపెనీలు ఉబ్బించే గుణమున్న ఎస్టర్లు కలిపి దాన్ని సరిచేశాయి. అది దశాబ్దాల నాటి మాట, షెడ్డుల్లో మాత్రం ఇంకా నడుస్తోంది. పైగా ఇప్పుడు కొట్లో సింథటిక్ అని అమ్మేవాటిలో చాలా భాగం గ్రూప్ 3, అంటే క్రూడ్ నుంచి వచ్చిన ఆయిల్‌నే హైడ్రోజన్‌తో బాగా శుద్ధిచేసింది. దాన్ని సింథటిక్ అనొచ్చా అని అమెరికాలో మొబిల్‌కీ క్యాస్ట్రాల్‌కీ పెద్ద తగాదా నడిచి, 1999లో అనొచ్చు అని తేలింది. కాబట్టి మీ మామగారికి చెప్పండి, గంజి మారలేదు, బాగా వడకట్టారు అంతే.

పాత బండిలో సింథటిక్ పోశాక కారిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. సీలు ముందే పోయి ఉంటుంది, దాని అంచున పేరుకున్న మడ్డి అడ్డం పడి ఆపుతూ ఉంటుంది. కొత్త ఆయిల్ ఆ మడ్డిని కడిగేస్తుంది.

వేదాయపాళెం షెడ్డు:

మనలి సారు, మడ్డి కడిగి కారినా, సీలు ముడుచుకోని కారినా కింద సిమెంటు మీద పడేది ఆయిలే గదా. షెడ్డు ముందర నిలబడి అరిచేవాడికి నేను గ్రూప్ 3 గురించి చెప్పుకోలేను. నేనైతే కారే బండికి, కారడం ఆపేదాకా సింథటిక్ పొయ్యను. ఈ మాట మీద నన్ను మార్చలేరు మీరు.

విడవలూరు రొయ్య:

అమ్మో, ఇంత సమాచారం వస్తాదనుకోలా. థాంక్స్ పెద్దాయనా, థాంక్స్ సార్.

హైవే మీద పొగ లేదు. నా వెనకాల మా తమ్ముణ్ణి బైకు మీద రమ్మని చూపించినా, ఏం రాలేదన్నాడు. ఆదివారం ఇంజను కడిగించి అట్టముక్క పరిచినా. చుక్కలు ఎక్కువ గేరు బాక్సు పక్కనే పడినాయి గానీ, టార్చి వేసి పైకి చూస్తే హెడ్డు వెనక మూల నుంచి తడి జార ఉండాది. ఇంకో సంగతి, ఆయిల్ పోసే మూత తీస్తే లోపల మీగడ రంగులో జిగట అంటుకోని ఉండాది. వేలితో తీస్తే వస్తాది. హెడ్ గాస్కెట్ పోయి నీళ్ళు ఆయిల్లో కలస్తా ఉండాయా అని భయం పట్టుకునింది.

చీమకుర్తి దుమ్ము:

భయపడమాక తమ్ముడూ. రేడియేటర్లో నీళ్ళు తగ్గుతున్నాయా? ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్కుకి కూడా ఆ మీగడ అంటుతుందా? రెండూ లేకపోతే అది ఊరికే చెమ్మ. నాలుగు కిలోమీటర్లు పోయి ఆపేస్తే ఇంజను లోపల పట్టిన తేమ ఆవిరై పోయేంత వేడెక్కదు, మూత చల్లగా ఉంటది గనక అక్కడ చేరిద్ది. అప్పుడప్పుడూ కోవూరు కాడ హైవే ఎక్కి కావలి దాకా లాగి రా. మూత తుడిచేసి పోయిరా, తిరిగొచ్చి చూడు.

మాది చీమకుర్తి. క్వారీల మధ్య తిరిగే బండ్లు మావి, గ్రానైట్ పొడి ఎట్టా ఉంటదో చెప్పక్కర్లా. నేను చూసినకాడికి ఇంజన్లని చంపేది ఆయిల్ రకం కాదు, ఎయిర్ ఫిల్టరు. ఫిల్టరు పక్క నుంచి దుమ్ము దూరితే ఎంత ఖరీదు ఆయిల్ పోసినా అది రుబ్బుడే. నీ గుంట కట్ట మీద కూడా ఎండాకాలం ధూళే గదా. ఫిల్టరు డబ్బా క్లిప్పులన్నీ సరిగ్గా పడుతున్నాయా చూసుకో, పాత మారుతీల్లో ఒకటి రెండు విరిగే ఉంటయి.

ఇంకొకటి ఎవురూ చెప్పలా. పీసీవీ వాల్వు. ఇంజను లోపల పుట్టే గాలి ఒత్తిడి బయటికి పోయే దారి అది. మడ్డి పట్టి మూసుకుపోతే ఆ ఒత్తిడి సీళ్ళని, ప్యాకింగులని బయటికి తోసిద్ది. ఊడదీసి చెవి దగ్గర పెట్టి ఊపు, లోపల గలగలమంటే మంచిది. శబ్దం రాకపోతే పెట్రోలులో కడుగు, అప్పటికీ రాకపోతే కొత్తది ఎయ్యి. సీలు మార్చి ఇది మార్చకపోతే కొత్త సీలు కూడా మళ్ళా కారిద్ది.

ఒంగోలు అంబాసిడర్:

సందట్లో సడేమియా అని నా ప్రశ్న కూడా. మా నాన్నది పాత అంబాసిడర్, 1489 సీసీ బీఎంసీ డీజిలు. దీనికీ ఈ కథే వర్తిస్తుందా?

గూడూరు టు మనలి:

మీది పుష్‌రాడ్ ఇంజన్, అంటే కింద ఉన్న క్యామ్ కడ్డీలతో పైన వాల్వుల్ని కదిలిస్తుంది, ఆ క్యామ్ మీద ట్యాపెట్లు నేరుగా రాసుకుంటాయి. అలాంటి వాటికి జింకు, ఫాస్ఫరస్ ఉన్న అరుగుదల నిరోధకం బాగా కావాలి. కొత్త పెట్రోలు కార్ల ముప్ఫై గ్రేడు ఆయిళ్ళలో పొగని శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరు పాడవకూడదని ఫాస్ఫరస్‌ని 0.08 శాతానికి కట్టేశారు. మీరు వాటి జోలికి వెళ్ళొద్దు. 15డబ్ల్యూ-40 లేదా 20డబ్ల్యూ-50 డీజిల్ ఆయిల్, డబ్బా మీద నాణ్యత గుర్తు సీహెచ్-4 గానీ సీఐ-4 గానీ ఉన్నది, చక్కగా సరిపోతుంది. సింథటిక్ అవసరమే లేదు మీకు.

ఎస్టీమ్ వారికి: మీ వాడకంలో సింథటిక్ అసలు బలం మీకు అక్కరకి రాదు. దాని గొప్పతనం ఎండలో, వేడిలో త్వరగా పాడవకుండా నిలబడటం. రోజూ నెల్లూరు నుంచి చెన్నైకి నడిపేవారైతే డబ్బులు వసూలయ్యేవి. మీరు కొంచెం దూరం పోయి ఆపేస్తారు. ఆయిల్లోకి తేమ, కాలని పెట్రోలు చేరతాయి, వాటికి ఖరీదు ఆయిలైనా చవక ఆయిలైనా ఒకటే. కిలోమీటర్లు తిరక్కపోయినా ఆర్నెల్లకి మార్చెయ్యాల్సిందే. పదివేలు బానెట్ ఎత్తక్కర్లేదన్న మాట మాత్రం మర్చిపోండి, ఇంత ఆయిల్ తాగే బండికి డిప్ స్టిక్ తరచూ చూడకపోతే ఏదో ఒక రోజు ఆయిల్ లేకుండా నడుపుతారు. మైలేజీ తేడా వస్తే ఒకటి రెండు శాతం, గుంట కట్ట మీద అది కంటికి కూడా ఆనదు.

వేదాయపాళెం షెడ్డు:

సారు ఇప్పుడు మంచి మాట చెప్పినాడు.

అబ్బయ్యా, నీకు హెడ్డు వెనక మూల తడి ఉండాదంటే ట్యాపెట్ కవర్ ప్యాకింగే. కవరు తీసినప్పుడు నువ్వు పక్కన నిలబడు, మెకానిక్ మూసేసే లోపల ఒకసారి లోపలికి చూడు. వాల్వులని నొక్కే రాకర్లు, వాటి షాఫ్టు లేత గోధుమ రంగులో శుభ్రంగా ఉంటే మీ మామ బండిని బాగా చూసుకున్నాడని. నల్లగా మడ్డి పట్టి, స్క్రూడ్రైవరుతో గీకితే ముద్దగా వస్తే మాత్రం సింథటిక్ ఆలోచన మానుకో. ఇంజన్ ఫ్లష్ అని ఒక చిన్న డబ్బా అంటగడతారు, మడ్డి పట్టిన ఇంజనుకి అది పొయ్యబాకు. మడ్డి ముక్కలుగా ఊడి కింద ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడితే ఇంక ఆ ఇంజను షెడ్డుకే. దానికి బదులు మామూలు ఆయిలే పోసి, వెయ్యి పదిహేను వందలకి ఒకసారి తీసేసి, ఫిల్టరుతో సహా మార్చు. అట్టా రెండు సార్లు చేస్తే నిమ్మళంగా అదే కరుగుతాది.

శుభ్రంగా ఉంటే ప్యాకింగు, ఆ చీమకుర్తి ఆయన చెప్పిన పీసీవీ రెండూ చేయించి, 10డబ్ల్యూ-40 సెమీ సింథటిక్, అంటే మామూలూ సింథటిక్కూ కలిపింది, పొయ్యి. యాభై నుంచి నలభైకి ఒక మెట్టు, చాలు. మూడు లీటర్లు పోసి ఆపి, డిప్ స్టిక్ చూసుకుంటా మిగతాది కొంచెం కొంచెం పొయ్యి, పై గీత దాటనియ్యబాకు. మొదటి నెల వారానికోసారి చూడు. ఎండలో ఏసీతో ఆగినప్పుడు ఆయిల్ లైటు మినుకుమన్నా, తాగుడు పెరిగినా మళ్ళీ 20డబ్ల్యూ-50 కి వచ్చెయ్. ఒకసారి సింథటిక్ పోస్తే వెనక్కి రాకూడదు అంటారు కొందరు, అదంతా వట్టి మాట. బైకు ఆయిల్ కూడా 10డబ్ల్యూ-40 అనే దొరుకుతాది, కొట్లో అది ఇస్తే తీసుకోబాకు, కారుది అని అడుగు.

వాల్వు సీళ్ళు ఇప్పుడే తొందర లేదు. పొగ ఎక్కువైనప్పుడు చూసుకో, ప్లగ్గు బొక్కలోంచి గాలి పట్టి హెడ్డు దించకుండానే మార్చే వాళ్ళుండారు.

విడవలూరు రొయ్య:

కవరు తీయించినాను అన్నా. లోపల టీ డికాషన్ రంగు, మడ్డి లేదు. పక్కనే కుర్చీ వేసుకోని కూర్చోనుండిన మామ మొహం చూడాల మీరు, షెడ్డంతా ఆయనదే అయిపోయింది. ప్యాకింగు వేసినారు. పీసీవీ ఊపితే చప్పుడే లేదు, కొత్తది తెప్పించినాను. కొట్టాయన డబ్బా వెనక్కి తీసుకోని 10డబ్ల్యూ-40 ఇచ్చినాడు, పైన కొంచెం డబ్బు కూడా తిరిగి వచ్చింది. ఇది అసలుదో నకిలీదో ఎట్టా తెలుస్తాది? పాత ఆయిల్ ఏం చెయ్యాల? మా పనోడు ఏరేటరు చైన్లకి పూస్తానంటా ఉండాడు.

గూడూరు టు మనలి:

గుంట దగ్గరికి ఆ ఆయిల్ చుక్క కూడా పోనివ్వొద్దు. వాడేసిన ఇంజన్ ఆయిల్లో లోహాల పొడి, కాలిన మసి అన్నీ ఉంటాయి, నీళ్ళలో పడితే పైన తెట్టు కట్టి గాలి ఆడనివ్వదు. మీ రొయ్యలు మీకు ఆయిల్ కంటే ఖరీదు. డబ్బాలో పట్టి షెడ్డులోనే ఇవ్వండి, రీరిఫైనింగ్‌కి కొనేవాళ్ళు వచ్చి డ్రమ్ముల లెక్కన తీసుకెళ్తారు.

నకిలీ విషయానికొస్తే మూత రింగు తెగకుండా ఉందా, సీలు కింద అల్యూమినియం రేకు అంటుకుని ఉందా, బ్యాచ్ నంబరు గీకితే పోతోందా చూడండి. అనుమానం ఉంటే పెట్రోలు బంకులో వాళ్ళ సొంత ఆయిలే కొనండి, సర్వో అయినా మ్యాక్ అయినా. ఖాళీ డబ్బాకి మేకుతో బొక్క పొడిచి పారెయ్యండి. నకిలీ నింపేవాళ్ళు పాత సామాన్ల వాళ్ళ దగ్గర కొనేది ఆ ఖాళీ డబ్బాలే.

వేదాయపాళెం షెడ్డు:

డ్రైన్ బోల్టుకి కొత్త వాషరు వేయించు, పాతదే తిప్పి వేస్తారు, పక్కన నిలబడి చూడు. బోల్టుని పైపు తగిలించి బిగించనియ్యబాకు, ఆయిల్ పాన్ మరలు పోయినాయంటే ఈసారి చుక్కలు అక్కడ నుంచి మొదలవుతాయి.